బకెట్టు ఎత్తిన మొహం

ఆ పొద్దు తూర్పున మబ్బు లేచింది. లేచి, మా ఊరి మీదిదాకా వచ్చి, కురవడానికి పర్మిషను తెచ్చుకోవడం మర్చిపోయినట్టు మళ్లీ కొండల వైపు తిరిగిపోయింది. మా బావ మాల్యాద్రి తల పైకెత్తి, అది కనబడినంతసేపూ చూశాడు.

"ఇయ్యాలంటే పోయింది. రోజూ పోదు," అన్నాడు. అంతకుమించి మాట్లాడే మనిషి కాదు.

ఆయన దిగులు ఊరందరికీ తెలుసు. పోయినేడు వానలకి గుండ్లవాగు కట్ట తెగింది. తెగిన చోటు సరిగ్గా మా బావ చేని నెత్తిన. వాగు చేలోకి దిగి, సగం చేను మీద మోకాటి లోతు ఇసక పరిచి పోయింది. మిగతా సగంలో నల్లరేగడి ఇంకా బతికే ఉంది. ఈ ఏడు వానల్లోపు గండి పూడ్చకపోతే ఆ సగమూ పోతుంది. ఆ తర్వాత మా అక్కకీ బావకీ చేను ఉండదు, ఇసక దిబ్బ ఉంటుంది. కట్ట సర్కారుదే. కానీ దాని వంతు వచ్చే ఏడు గాని రాదని చెప్పారు. కూలోళ్లని పిలుద్దామంటే, పార పట్టే చేతులన్నీ టౌనులో ఫ్లాట్లు కట్టడానికి పోయాయి.

అందుకని మా బావ ట్రాక్టరుకి ముందు లోడరు పెట్టించాడు.

మా ఊరి మెకానిక్కు కాలేషా. వాడు ట్రాక్టరుని షెడ్డులో నిలబెట్టి, ముందు చక్రాల వెనక, చాసీకి రెండు పక్కలా లావుపాటి ఇనప పలకలు బిగించాడు. వాటికి రెండు ఇనప చేతులు, చేతుల చివర బకెట్టు. చేతులు లేపడానికి రెండు జాకీలు, బకెట్టు వంచడానికి రెండు జాకీలు. ట్రాక్టరులో ఉన్న హైడ్రాలిక్ నూనెని ఆ జాకీలకి పంపడానికి సీటు పక్కన కొత్తగా రిమోటు వాల్వులు కూర్చోబెట్టి, వాటికి రెండు లివర్లు పెట్టి, అక్కణ్ణించి ముందుదాకా నల్ల పైపులు లాగాడు. ముందు బరువెత్తితే వెనక చక్రాలు లేస్తాయని వెనకాల ఒక సిమెంటు దిమ్మె కట్టాడు. అంతా అయ్యేసరికి ట్రాక్టరు, మనవణ్ణి ఎత్తుకోడానికి చేతులు చాపిన తాతలాగా ఉంది.

"లేపన్నా," అన్నాడు కాలేషా.

మా బావ లివరు లాగాడు. పైకి లేవాల్సిన బకెట్టు నేలని తన్ని, ముందు చక్రాలు రెంటినీ గాల్లోకి లేపింది.

"పైపులు తారుమారైనయ్," అన్నాడు కాలేషా తల గోక్కుంటూ.

"పైపులా, నువ్వా?" అంది మా అక్క అంకమ్మ.

"కొత్త కోడలు గదా వదినా. వచ్చిన రోజే మాటింటాదా?"

"నేను విన్లా? మీ అన్ననడుగు."

కాలేషా మా బావ వంక చూశాడు. మా బావ పైపుల వంక చూశాడు. వాడు గబగబా పైపులు మార్చి బిగించాడు. ఈసారి బకెట్టు, పిలిస్తే పలికినట్టు నింపాదిగా లేచింది.

మా వైపు కొత్త ఇనుముని పూజ చెయ్యకుండా మట్టిలో దించరు. మా అక్క రేడియేటరు జాలీకి పసుపు రాసింది. లైట్లకి రెండు బొట్లు, బానెట్టుకి ఒక పెద్ద బొట్టు. మొహాన బంతిపూల దండ. తనకి అందేలాగా బకెట్టుని ఛాతీ ఎత్తున ఆపించి, అంచు పొడుగునా కుంకం పెట్టి, అందులో ఒక బూడిద గుమ్మడికాయ కూర్చోబెట్టింది. తర్వాత హారతి పళ్లెం పట్టుకొని ముందు నిలబడింది. ఆ అదనులో కాలేషా ఫోనుతో ఫొటో తీశాడు. మంచి ఫొటో. ట్రాక్టరు నవ్వుతున్నట్టే ఉంది. మా అక్క నవ్వలేదు. హారతి ఎక్కడ ఆరిపోద్దోనని గాలి వంక కోపంగా చూస్తా ఉంది.

తప్పు అక్కడే జరిగిందని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో మా జిల్లాలో 'ఒక బండికి ఒకే ముఖము' అనే ఉద్యమం మంచి జోరు మీదుంది. నంబరు ప్లేటు ఎవడైనా మార్చుకోవచ్చు, మొహం మార్చుకోలేడు గదా అని పైన ఎవరికో తోచింది. తోచినాక ఆగలేదు. వాహన ముఖ పరిరక్షణ విభాగం అని కొత్తగా ఒక ఆఫీసు పుట్టింది. ఆ ఆఫీసు మా ఊరి కూడలిలో ఒక స్తంభం పాతింది. స్తంభానికి కెమెరా, కెమెరా పక్కన స్పీకరు, కింద రోడ్డుకి అడ్డంగా ఒక అడ్డకర్ర. బండి వస్తే కెమెరా దాని మొహం చూస్తుంది. ఎరిగిన మొహమైతే అడ్డకర్ర లేస్తుంది. ఎరగని మొహమైతే లేవదు. మా ఊరు రోడ్డుకి ఇవతల, వాగూ చేలూ అవతల. ఆ స్తంభానికి మొహం చూపించకుండా అవతలికి పోవడానికి ఇంకో దారి లేదు.

బండికి ఏ చిన్న మార్పు చేసినా కొత్త మొహాన్ని ఫొటో తీసి పంపాలన్నారు. కాలేషా తన ఫోనులో ఉన్న ఒకే ఒక్క ఫొటో పంపాడు. పొద్దుగూకేలోపే జవాబొచ్చింది. "తమరి వాహన ముఖము ఆమోదించడమైనది. ఇకపై ముఖమును ఇదే స్థితిలో కాపాడుకొనగలరు."

"చూశావా అన్నా, గవర్మెంటు ఎంత స్పీడో," అన్నాడు వాడు.

మర్నాడు మా బావ ట్రాక్టరుని కడిగి, బకెట్టు కిందికి దించుకొని, వాగుకి బయల్దేరాడు. నేను వెనక దిమ్మె మీద నిలబడ్డాను. కెమెరా కాసేపు చూసింది. తర్వాత స్పీకరులోంచి చాలా ముద్దుగా ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. "ఈ వాహనము అపరిచితము. దయచేసి వెనుదిరుగుడు."

మా బావ ఇటూ అటూ చూసి, "నన్నేనా?" అన్నాడు.

"నిన్ను కాదు బావా, బండిని," అన్నాను.

"ఇది మన ఊరి బండేనమ్మా," అన్నాడాయన స్తంభంతో.

"వెనుదిరుగుడు," అంది స్తంభం.

దాంతో నేనూ బావా కాలేషా టౌనుకి బయల్దేరాం. మా అక్కని రావద్దన్నాం. రావద్దన్నాం కాబట్టి వచ్చింది.

ముఖ పరిరక్షణాధికారి పేరు అనంతపద్మనాభం గారు. సన్నగా, పెళ్లివారింట్లో పురోహితుడిలా శుభ్రంగా ఉన్నారు. ఆయన పక్కన హైమవతి అని ఒక చిన్నాఫీసరు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. గోడ మీదున్న తెరపై మా బండి మొహాలు రెండు పక్కపక్కన వెలిగాయి. ఒకటి పూజ రోజుది, ఒకటి స్తంభం తీసింది.

"ఇది ఆమోదిత ముఖము. అది కాదు. వ్యత్యాసములు గమనించగలరు. దండ ఏది?" అన్నారు ఆఫీసరు గారు.

"వాడిపోయింది సార్," అన్నాడు మా బావ.

"వాడిపోవుట పువ్వుల స్వభావము. వాడిపోనీయుట యజమాని నిర్లక్ష్యము. గుమ్మడికాయ?"

"పగలగొట్టినాం. దిష్టికి."

ఆఫీసరు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆమోదింపబడిన ముఖములో ఒక అవయవమును మీరు బుద్ధిపూర్వకముగా పగులగొట్టితిరి. హైమవతీ, విన్నావు గదా?"

"విన్నాను సార్," అందామె.

"ఈ హారతి పళ్లెముతో ఉన్న స్త్రీ ఎవరు?"

"నేనే," అంది మా అక్క, కుర్చీలో ఉన్నదల్లా ముందుకి జరిగి.

ఆఫీసరు గారు తెరనీ మా అక్కనీ మార్చి మార్చి చూశారు. ఆయన మొహంలో మొదటిసారి కొంచెం ఊరట కనబడింది. "పోలిక సరిపోవుచున్నది. అమ్మా, మీరు సదరు వాహన ముఖములో అంతర్భాగము."

"నేనా? బండి మొహంలోనా?"

"చాలావరకు మీరే. రేడియేటరు మీ వెనుక ఏ కొంచెమో కనబడుచున్నది."

"విన్నావా," అంది అక్క మా బావతో. "కాపరానికి వచ్చిన కాణ్ణించీ నువ్వు నా మొహం చూళ్లేదు. ఈ సారు బండిలో కనిపెట్టినాడు."

మా బావ ఆ మాటకి పోలేదు. "సార్, ఉత్త ట్రాక్టరుది ఇంకో ఫొటో పంపుతాం," అన్నాడు.

"ఒక బండికి ఒకే ముఖము. రెండవ ముఖము కావలెననుట, మొదటిది అబద్ధమని ఒప్పుకొనుట. ఒప్పుకొందురా?"

"ఒప్పుకోం గానీ... బకెట్టు లేస్తాది, దిగుతాది సార్. లేచినప్పుడొక రకంగా ఉంటాది, దిగినప్పుడొక రకంగా ఉంటాది. దాని పనే అది."

"మొత్తము ఎన్ని రకములు?"

మా బావ ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. "యాడ ఆపితే ఆడొక రకం," అన్నాడు.

అనంతపద్మనాభం గారు కుర్చీలోంచి సగం లేచారు. "అనగా అనంత ముఖములు! అయ్యా, మీరు బిగించినది లోడరు కాదు, విశ్వరూపము. విశ్వరూపమునకు అనుమతినిచ్చు అధికారము జిల్లా స్థాయిలో లేదు."

"వానలొస్తే చేను పోద్ది సార్."

"విభాగము రైతుకు వ్యతిరేకము కాదు," అన్నారాయన మెత్తబడి. "లోడరును తీసివేయనక్కరలేదు. అది ఉండవచ్చును. కదలకుండా ఉండవలెను."

ఆ సాయంత్రమే హైమవతి వచ్చి, ఫొటో చూసుకుంటా, బకెట్టుని పూజనాటి ఎత్తున ఆపించి, దిగిపోకుండా ఇనప చేతుల కింద ఊతకడ్డీ పెట్టించి, లివర్లు రెంటికీ తీగ చుట్టి లక్క సీలు వేసింది. వేస్తున్నంతసేపూ మా బావ మొహంలోకి చూడలేదు.

మరుసటి రోజు నించి మా ప్రయాణం ఊరికి పండగైంది. బానెట్టుకి కొత్త దండ, కొత్త పసుపు, కొత్త గుమ్మడికాయ. ముందు మా అక్క హారతి పళ్లెంతో నడిచేది, వెనక ట్రాక్టరు ఆమె నడకతో సమంగా పాక్కుంటా వచ్చేది. స్తంభం దగ్గర మా అక్క ఫొటోలో ఉన్నట్టే గాలి వంక కోపంగా చూడాలి. మామూలుగా చూస్తే గుర్తుపట్టేది కాదు.

"స్వాగతము," అనేది స్తంభం.

"నీ స్వాగతం తగలెయ్య," అనేది మా అక్క. పెదాలు కదలకుండా అనడం నేర్చుకుంది.

ఒక ముసలామె ఎదురొచ్చి, హారతి కళ్లకద్దుకొని, ట్రాక్టరుకి దణ్ణం పెట్టింది. ఏ ఊరి దేవుడని అడిగింది. "జిల్లా ఆఫీసు దేవుడు," అన్నాడు కాలేషా.

కట్ట దగ్గర అసలు తమాషా మొదలయ్యేది. ఛాతీ ఎత్తున ఆగిన బకెట్టుతో మా బావ మట్టి దిబ్బలోకి తోలితే, బకెట్టు నిండేది. గండి దాకా వచ్చాక వంచడానికి లేదు. మనిషి పని మిషను చేస్తుందని పెట్టించుకున్న లోడరులోకి నేనూ కాలేషా ఎక్కి, పారలతో మన్ను కిందికి తోసేవాళ్లం. దించుకోడానికి లేని గంపని నెత్తిన పెట్టుకున్నట్టుండేది. రోజంతా తిప్పలు పడితే, గండిలో పడిన మన్ను మీద ఒక గేదె సుఖంగా పడుకోవచ్చు. అంతే.

ఒకసారి మా బావ ఒళ్లు మండి, ముందు చక్రాల్ని కట్ట వాలులోకి దించాడు. బండే వంగితే బకెట్టూ వంగుతుంది గదా. వంగింది. మన్ను గండిలో పడింది. దాంతోపాటు గుమ్మడికాయా పడి, రాయికి తగిలి రెండు చెక్కలైంది.

"పాయె," అన్నాడు కాలేషా. "ఇంక ఇంటికి పోయేదెట్టా?"

గుమ్మడికాయ లేకుండా స్తంభం ఊళ్లోకి రానియ్యదు. ఆ చుట్టుపక్కల గుమ్మడికాయ లేదు. చివరికి కాలేషా అడ్డకర్ర కింద నించి దూరి పోయి, వాళ్లింట్లో కడవకి సున్నం పూసి తెచ్చి బకెట్టులో బోర్లించాడు. స్తంభం చూసింది. మేం ఊపిరి బిగబట్టాం.

"స్వాగతము," అంది స్తంభం.

మా అవస్థే కాదు. పక్కూరి పెళ్లి కారు పూలతో పోయి, పెళ్లయ్యాక పూలు తీసేసి తిరిగొస్తే అపరిచితమైంది. కొత్త పెళ్లికొడుకు పట్టుబట్టల మీదే తుమ్మచెట్లెక్కి పూలు కోసుకొచ్చి కారుకి గుచ్చాడు. పాల చినకోటయ్య మోటారు సైకిలుకి రెండు క్యాన్లతో మొహం రాయించుకున్న పాపానికి, సంతకి పోయినా ఆ క్యాన్లు మోసుకునే పోయేవాడు. ముఖ పరిరక్షణలో మన జిల్లాయే మొదటిదని పేపర్లో వేశారు. పక్కన అనంతపద్మనాభం గారి ఫొటో, చేతిలో పూలగుత్తితో.

ఇట్టా నడుస్తుండగా కొండల మీద మబ్బు మళ్లీ లేచింది. ఈసారి తిరిగిపోలేదు. అక్కడే కూర్చుని నలుపెక్కుతా ఉంది. గండి నోరు సగం కూడా మూసుకోలేదు. మా బావ తిండి తగ్గించాడు. మా అక్క తిట్లు తగ్గించింది. అది చూసి నాకు భయమేసింది.

ఆ పొద్దే కట్ట మీదికి ఆఫీసు జీపొచ్చింది. అనంతపద్మనాభం గారు స్వయంగా దిగారు, వెనక హైమవతి. మేం ఏం తప్పు చేశామోనని గుమ్మడికాయ వంక చూసుకున్నాం. ఆయన మాత్రం చేతులు జోడించుకొని నేరుగా ట్రాక్టరు దగ్గరికి వచ్చారు.

"మాల్యాద్రి గారూ, కాలము మారినది," అన్నారు. "రాజధాని నుండి ఉత్తరువు వచ్చినది. ఏ జిల్లా ఎన్ని ముఖములు నమోదు చేసినదో లెక్క చూచుచున్నారు. ఒక బండికి ఒకే ముఖమని పట్టుబట్టుటచేత మన జిల్లా అట్టడుగున ఉన్నది. కావున నేటి నుండి మన నినాదము 'ముఖమే సంపద, ముఖములు పెంచుడు'. గోడల మీద కూడా మార్చి వ్రాయించితిని."

"ఆ లెక్క కోసం పెట్టిన ముఖాల మేళా ఇవాళొక్క రోజే ఉంటుంది," అంది హైమవతి. "సాయంత్రంతో ముగిసిపోతుంది."

"జిల్లా అంతయు వెదకితిని. కారునకు ఒక ముఖము, లారీకి ఒక ముఖము. అనంత ముఖములు గల వాహనము ఒక్కటే ఉన్నది. నాడు విశ్వరూపమని భయపడితిని. నేడు అదే శరణ్యము. హైమవతీ, సీలు తొలగించుము."

"తీసేస్తే తోలుకోవచ్చా సార్?" అన్నాడు మా బావ.

"తోలుకొనుటకు కాదు. ఫొటో నిమిత్తము మాత్రమే కదల్చవలెను. ఫొటో లేని కదలిక నేరము."

సీలూ ఊతకడ్డీ తీశారు. బకెట్టు దించారు, ఒక ఫొటో. ఎత్తారు, ఒక ఫొటో. నడిమికి ఆపారు, ఒక ఫొటో. మళ్లీ ఇంకొంచెం ఎత్తితే హైమవతి చేతిలో పలక కుయ్యిమంది.

"ఇది పాత మొహమేనంటోంది సార్. బొత్తిగా తేడా లేకపోతే తీసుకోదట."

ఆఫీసరు గారి మొహం వాడిపోయింది. "అంతేనా? ఇంతకన్నా ముఖములు లేవా?"

హారతి పళ్లెం పట్టుకొని ఎండలో నిలబడిన మా అక్కకి ఇంక ఓపిక చచ్చింది. "ఉత్త బకెట్టు ఎన్నిసార్లెత్తినా ఒకటే మొహం సార్. కడుపు నిండితే గదా మొహం మారేది. మీది మాత్రం అన్నానికి ముందూ తర్వాతా ఒకటేనా యేంది?"

మేం నాలుకలు కరుచుకున్నాం. అనంతపద్మనాభం గారు మాత్రం కదలకుండా నిలబడి, మా అక్క వంక ఉపనిషత్తు విన్నట్టు చూశారు.

"నిండిన ముఖము," అన్నారు మెల్లగా. "నిండని ముఖము. హైమవతీ! ఇన్నాళ్లుగా మన విభాగమునకు ఈ సంగతి తట్టలేదు. నింపుడయ్యా!"

మా బావ గేరు వేశాడు. తిన్నగా మట్టి దిబ్బలోకి తోలి, బకెట్టు నేలకానించి, నిండుగా ఎత్తుకొని వచ్చాడు. ఫొటో తీశారు. పలక కుయ్యిమనలేదు.

"వంచితే ఇంకో మొహం సార్," అన్నాడు.

"వంచుడు!"

"ఈడ వంచితే బాగుండదు. గండి మీదికి పోయి వంచితే, ఎనకమాల కొండలు పడతయ్."

"మీకు ఫొటోగ్రఫీలో ప్రవేశమున్నదే!" అన్నారాయన మురిసిపోయి.

మన్ను గండిలో ధబేలున పడింది. అది ఎర్రమన్ను. తర్వాత నల్లమన్ను. తర్వాత పోయినేడు వాగు పోసిపోయిన ఇసక. రాళ్లతో ఒకటి, రాళ్లు లేకుండా ఒకటి. ఇన్నాళ్లు కట్టేసి ఉన్న ట్రాక్టరు, పలుపు తెంచుకున్న దూడలాగా కట్టకీ దిబ్బకీ నడుమ తిరిగింది. కాలేషా పక్కన పరిగెత్తుతా, "మెల్లగన్నా, పైపు నలుగుతాది!" అని అరుస్తున్నాడు.

మళ్లీ ఎర్రమన్ను దగ్గరికి వచ్చేసరికి పలక కుయ్యిమంది. పాత మొహమంది. మా బావ ట్రాక్టరు ఆపాడు. గండి ఇంకా ఉంది. కొండల మీద ఉరిమింది.

హైమవతి ఆ మబ్బు వంక చూసింది. చేని వంక చూసింది. "సార్," అంది, "ముఖములో అంకమ్మ గారు కూడా అంతర్భాగము గదా. ఆమె మారితే ముఖము మారినట్టే."

"శాస్త్రసమ్మతము," అన్నారు ఆఫీసరు గారు.

ఇంక చూడండి మా అక్కని. ఒక బకెట్టుకి కోపంగా నిలబడింది. ఒక బకెట్టుకి కొంగు నెత్తిన కప్పుకొని నిలబడింది. ఒక బకెట్టుకి గొడుగు. ఒక బకెట్టుకి నవ్వమన్నారు. ఆమెకి నవ్వు రాలేదు. మా బావ సీటు మీద నించి, "అంకమ్మా, నీ మొహం బాగుందే," అన్నాడు. నా ఎరుకలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. మా అక్క నవ్విన నవ్వుకి పలక వెంటనే ఒప్పుకుంది, గండిలో ఇంకో బకెట్టు పడింది. ఆ తర్వాత నన్ను నిలబెట్టారు. కాలేషాని తలపాగాతో ఒకసారి, లేకుండా ఒకసారి నిలబెట్టారు. ఒక పైపు అతుకు దగ్గర వదులై నూనె బొట్లు బొట్లుగా కారింది. "కన్నీరు కార్చు ముఖము! తీయుము, తీయుము!" అని ఆఫీసరు గారు గంతేశారు. తీసేదాకా కాలేషాని బిగించనివ్వలేదు.

చివరికి ఆయనే పంచె ఎగగట్టి, పార పట్టుకొని నిలబడ్డారు. అధికారి సమేత ముఖమట. ఊరికే పట్టుకుంటే సహజంగా రాలేదని నాలుగు పారలు మన్ను తోశారు. ఫొటో అయిపోయాక కూడా తోస్తూనే ఉన్నారు. ఎవరూ ఆపమనలేదు. ఆయన చొక్కా వీపున తడిసింది, ఆయనకి తెలిసినట్టు లేదు. హైమవతి పలకని చంకలో పెట్టుకొని కొత్త మన్నుని కాలితో తొక్కుతోంది. అది ఏ ముఖమో ఎవరూ అడగలేదు.

పొద్దు వాలేముందు వాగు వచ్చింది. ముందు ఎండుపుల్లల చప్పుడు, వెనక ఎర్రటి నీళ్లు. వచ్చి మూసిన గండిని గుద్దుకుంది. మేమంతా వరసగా కట్ట మీద నిలబడి కిందికి చూస్తున్నాం. కొత్త మన్ను కొంచెం జారింది. మా బావ చివరి బకెట్టు దాని మీద వంచి, బకెట్టు వీపుతో అదిమాడు. నీళ్లు కాసేపు అక్కడే సుడి తిరిగి, ఇంక లాభం లేదనుకున్నట్టు తన దారిన పక్కకి మళ్లాయి. ఇవతల నల్లరేగడి మీద ఒక్క చుక్క పడలేదు.

మా బావ చేలోకి దిగి, గుప్పెడు మన్ను తీసుకొని, పొడిగా ఉందో లేదో చేత్తో నలిపి చూసుకున్నాడు. మళ్లీ కిందనే వేశాడు.

"మన జిల్లా గెలిచినది," అన్నారు అనంతపద్మనాభం గారు, పలకలో చూసుకొని. అంతలోనే ఆయనకి ఆఫీసు గుర్తుకొచ్చింది. "అయినను మేళా ముగిసినది. చిట్టచివరి ముఖమే ఇక శాశ్వత ముఖము. అది గంభీరముగా ఉండవలెను."

బకెట్టుని అందినంత పైకి ఎత్తించారు. వెనక వాగు, పక్కన కట్ట, పైన మబ్బు. ఫొటో తీశారు. ఇంజను ఆపించారు. హైమవతి లివర్లకి తీగ చుట్టి మళ్లీ లక్క సీలు వేసింది. "ఈ క్షణము నుండి వెంట్రుకవాసి కదిలినను అపరిచితమే," అన్నారు ఆఫీసరు గారు, కొంచెం దిగులుగానే.

"సరే గానీ, ఇంత తిని పోండి సార్. పొద్దుణ్ణించి ఏం తిన్లా," అంది మా అక్క.

ఆయన వద్దనబోయారు. కానీ పార పట్టిన చేతులు కడుక్కొని వచ్చారు. కట్ట మీద పట్టా పరిచి, అందరం ట్రాక్టరుకి ఎదురుగా వరసగా కూర్చున్నాం. మా అక్క విస్తరాకులు వేసి, అన్నం, చింతచిగురు పప్పు, దోసకాయ పచ్చడి వడ్డించింది. నాలుగు ముద్దలు తిన్నామో లేదో, నాకు బకెట్టు ఏదో తేడాగా కనబడింది.

లోడరున్న వాళ్లందరికీ ఎరికే ఈ సంగతి. ఊతకడ్డీ లేకుండా ఇంజను ఆపితే, ఎత్తిన బకెట్టు ఎత్తినట్టే ఉండదు. ఆ పొద్దు కడ్డీ మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తు లేదు. వాల్వుల సందుల్లోంచి నూనె సన్నగా జారుతుంది. ఎవరూ తాకకుండానే, ఎవరికీ చెప్పకుండానే, బకెట్టు కిందికి దిగుతుంది. కంటికి ఆనేటంత జోరుగా కాదు. చూపు తిప్పి మళ్లీ చూస్తే ఇందాకటి చోట ఉండదు.

కాలేషా చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకొని, నమలకుండా ఆగాడు. మా బావ చూశాడు, చూసి పప్పు కలుపుకున్నాడు. హైమవతి చూసింది. ఆమె చెయ్యి పక్కనున్న పలక మీదికి పోయింది. కాసేపు దాని మీదే ఉండి, తిరిగొచ్చి పచ్చడి అందుకుంది.

ఆఖరున అనంతపద్మనాభం గారు తలెత్తారు. బకెట్టు వంక చూశారు. సీలు వంక చూశారు. సీలు చెక్కుచెదరలేదు. బకెట్టు మాత్రం ఒక మొహం నించి ఇంకో మొహానికి, దాన్నించి మరో మొహానికి, దిగుతానే ఉంది. ఆయన నోరు తెరిచారు. మేమంతా మా ఆకుల్లోకి చూసుకున్నాం.

ఆయన నోరు మూసుకున్నారు. ఆకు మీద చెయ్యి ముందుకు జరిపి, మజ్జిగ పొయ్యమన్నట్టు దోసిలి పట్టారు.

మా అక్క పోసింది. బకెట్టు అంచు మెత్తగా నేలకానింది. ఎవరూ తలెత్తలేదు.